గాయపడిన పిల్లలను పరీక్షించడం రెసిడెంట్ డాక్టర్లకు ఎలా నేర్పాలి?

ప్రమాదం జరిగిన చోటి నుంచి ముగ్గురు పిల్లలను ఒకేసారి అత్యవసర విభాగానికి తెచ్చారనుకోండి. ఒకరు గది దద్దరిల్లేలా ఏడుస్తున్నారు. ఒకరి నుదుటి నుంచి రక్తం కారుతోంది. మూడో బిడ్డ ఎవరు వచ్చినా పట్టించుకోకుండా, చప్పుడు లేకుండా పడుకుని ఉంది. ముందు ఎవరిని చూస్తారని అడిగితే మూడో బిడ్డనేనని ఏ రెసిడెంట్ అయినా ఠక్కున చెబుతారు. నిజంగా ఆ పరిస్థితి ఎదురైతే మాత్రం కాళ్లు రక్తం వైపే నడుస్తాయి. శిక్షణ అవసరమయ్యేది ఇక్కడే.

గాయాలను ఏ వరుసలో చూడాలో వారికి తెలియక కాదు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, మెదడు పనితీరు, చివరగా బట్టలు తొలగించి ఒళ్లంతా పరిశీలించడం. వీటి ఇంగ్లిషు పేర్ల తొలి అక్షరాలతో ఏ, బీ, సీ, డీ, ఈ అనే ఈ వరుస అందరికీ కంఠతా వచ్చు. రక్తం ధారగా పోతుంటే దాన్ని ఆపడం వీటన్నిటికంటే ముందని కూడా తెలుసు. ఈ వరుసను దేశదేశాల డాక్టర్లకు నేర్పుతున్న ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) కోర్సు పుట్టడానికి కారణం కూడా ఒక కుటుంబానికి జరిగిన ప్రమాదమే. 1976 ఫిబ్రవరిలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల వైద్యుడు నడుపుతున్న చిన్న విమానం అమెరికాలోని నెబ్రాస్కాలో కూలింది. భార్య చనిపోయారు, ఆయనా పిల్లలూ గాయపడ్డారు. దగ్గరి ఆసుపత్రిలో తమకు అందిన వైద్యం ఆయనకు ఏమాత్రం తృప్తినివ్వలేదు. సహచరులతో కలిసి 1978లో తొలి శిక్షణ ఏర్పాటు చేశారు. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని స్వీకరించింది. కోర్సు మంచిదే. కానీ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన పద్ధతి చేతికి అలవాటు కాదు. ఆ అలవాటు వార్డులోనే, సీనియర్ల కళ్ల ముందే ఏర్పడాలి.

1. ముందు చూపుకు తర్ఫీదు

బిడ్డను ముట్టుకోకముందే, గుమ్మం దగ్గర నుంచే మూడు సంగతులు చూడవచ్చు. బిడ్డ తీరు ఎలా ఉంది? ఊపిరి కోసం కష్టపడుతోందా? చర్మం పాలిపోయిందా, నీలంగా మారిందా? దీనికి అర నిమిషం చాలు, పరికరమేదీ అక్కరలేదు. నేర్పడానికి చిన్న వీడియోలు బాగా పనికొస్తాయి. ముందు శబ్దం ఆపి చూపించండి, "ఇప్పుడే కంగారు పడాలా, కాసేపు ఆగవచ్చా?" అని అడగండి. తరువాత శబ్దంతో చూపించండి. మూలుగుతూ ఊపిరి వదలడం, గాలి లోపలికి తీసినప్పుడు వచ్చే ఈల లాంటి చప్పుడు చెవిన పడగానే చాలామంది జవాబు మార్చుకుంటారు. గట్టిగా ఏడుస్తున్న బిడ్డకు ఆ క్షణానికి శ్వాసమార్గం తెరిచే ఉందన్న సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది.

2. పిల్లల శరీరం ఎక్కడ మోసం చేస్తుందో చెప్పండి

పాఠం చెప్పక తప్పని చోటు ఇదొక్కటే. ప్రతి తేడాకూ దాని వల్ల చేయాల్సిన పనిని జోడించి చెప్పండి, లేకపోతే అది పరీక్షలో రాసే జవాబుగానే మిగిలిపోతుంది.

పసిపిల్లల తల పెద్దది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకు వంగి శ్వాసమార్గం ఇరుకవుతుంది. అందుకే మొండెం కింద రెండున్నర సెంటీమీటర్ల మందాన దుప్పటి మడత పెట్టాలి. పక్కటెముకలు విరగకుండా వంగుతాయి కాబట్టి ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగున్నా లోపల ఊపిరితిత్తి నలిగి ఉండవచ్చు. ఏడుస్తూ మింగిన గాలితో కడుపు ఉబ్బి ఊపిరికి అడ్డు పడుతుంది. శరీర బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కనుక పిల్లలు త్వరగా చల్లబడతారు. బట్టలు తీసి చూడగానే కప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది రక్తపోటు దగ్గర. చిన్న పిల్లల్లో కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే 10 కిలోల బిడ్డ ఒంట్లో ఉండేది 800 మిల్లీలీటర్లే. అందులో దాదాపు 30 శాతం పోయేదాకా రక్తపోటు నిలకడగా కనిపించవచ్చు. రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచి అంతవరకు నెట్టుకొస్తాయి, ఆ తరువాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో పై రక్తపోటు (సిస్టాలిక్) కనీస హద్దును 70కి వయసుకు రెట్టింపు కలిపి లెక్కిస్తారు. నాలుగేళ్ల బిడ్డకు అది 78. ఆ సంఖ్య కంటే కిందికి దిగాక మేల్కొనడం ఆలస్యమే. నాడి వేగం, చల్లబడ్డ పాదాలు, వేలిని నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లకు మించి పట్టడం, బిడ్డ అకస్మాత్తుగా నెమ్మదించడం, వీటినే ముందుగా పట్టుకోవాలి. మానిటర్ వైపు చూడకుండా, బిడ్డ ఒంటి మీద చేయి వేసి రక్తప్రసరణ ఎలా ఉందో చెప్పమనండి. కొన్నాళ్లు ఇలా చేయిస్తే తేడా తెలుస్తుంది.

మందుల మోతాదు బరువు మీద ఆధారపడుతుంది. తూచే వ్యవధి ఉండదు కనుక పొడవును బట్టి బరువు చెప్పే బ్రోస్లో టేపు వాడటం తప్పక చేయించండి.

3. ఆపండి, సరిదిద్దండి, మళ్లీ మొదలుపెట్టించండి

బొమ్మ మీద సాధన చేయించేటప్పుడు మొత్తం సన్నివేశం ముగిశాక గంటసేపు చర్చించడం మామూలు పద్ధతి. మౌలికమైన వరుస నేర్పడానికి దానికంటే పదునైనది వేరే ఉంది. తప్పు జరిగిన చోటే ఆపాలి. ఒక్క మాటలో దిద్దాలి. కొంచెం వెనక్కి వెళ్లి అదే భాగాన్ని తిరిగి చేయించాలి. సరిగా చేసిన తీరును వెంటనే రెండుమూడు సార్లు చేస్తే చేతికి ఎక్కుతుంది. ఇలా ఆపుతూ ఉంటామని ముందే చెప్పకపోతే అవమానంగా తీసుకుంటారు. అది మాత్రం మరవకండి.

ఇంకో నియమం చాలా ముఖ్యం. రెసిడెంట్ తానే పరీక్షించి చూడనిదాన్ని సీనియర్ చెప్పకూడదు. రెసిడెంట్ స్టెతస్కోప్ పెట్టి వినకుండా "రెండు వైపులా గాలి అందుతోందా?" అని అడిగితే సీనియర్ నోరు విప్పరాదు. వింటేనే జవాబు. ఈ చిన్న పట్టుదల వల్లే ఊరికే వల్లించడం పోయి, పరీక్షించడం అలవాటవుతుంది.

చూసిన ప్రతి సంగతీ బృందానికి వినపడేలా పైకి చెప్పించండి. "ఎవరైనా సెలైన్ పెట్టండి" అంటే ఎవరూ పెట్టరు. పేరు పిలిచి పని అప్పగించాలి. అందుకున్నవారు దాన్ని తిరిగి పలకాలి, పూర్తయ్యాక చెప్పాలి. నరం త్వరగా దొరకనప్పుడు మోకాలి కింద ఎముకలోకి సూది వేసే పద్ధతిని కూడా ఇదే సాధనలో కలపండి. దాన్ని చివరి అస్త్రంగా దాచుకుని ఆలస్యం చేసేవారే ఎక్కువ.

4. భయపడిన బిడ్డ దగ్గరికి వెళ్లే తీరు

పరిస్థితి నిలకడగా ఉంటే అమ్మ ఒడిలోనే చూడవచ్చు. నొప్పి ఉన్న చోటును ఆఖరున ముట్టుకోవాలి. నొప్పి తగ్గించే మందు ఇస్తే గాయం తెలియదన్న పాత భయాన్ని వదిలించండి. నొప్పి తగ్గిన బిడ్డ కడుపును బిగపట్టకుండా వదులుగా ఉంచుతుంది, పరీక్ష ఇంకా బాగా సాగుతుంది. తల్లిదండ్రులను బయటికి పంపాల్సిన పని లేదు. వారి పక్కన నిలబడి జరుగుతున్నది వివరించే మనిషిని ఒకరిని కేటాయిస్తే చాలు.

5. తల నుంచి కాలి దాకా, ఆపై అసలు కథ

ప్రాణాపాయం తప్పాకే రెండో విడత పరీక్ష. వీపు, చెవుల వెనక, నోటి లోపల చూడటం తరచు మరిచిపోతారు. సైకిల్ హ్యాండిల్ గుచ్చుకున్న చిన్న గుర్తు కింద పేగుకో క్లోమానికో దెబ్బ తగిలి ఉండవచ్చు.

నాలుగు నెలలు నిండని పసికందు ఒంటి మీద ఎక్కడ కమిలినా, నాలుగేళ్ల లోపు పిల్లలకు మొండెం, చెవి, మెడ మీద కమిలినా ఆగి ఆలోచించాలి. చెప్పిన కథ గాయానికి సరిపోతోందా? ఇంకా దొర్లడం రాని బిడ్డ మంచం మీద నుంచి దొర్లిపడిందంటే ఎలా? ఎవరినీ నిందించకుండా, చెప్పిన మాటలను చెప్పినట్టే రాసుకుని, సీనియర్‌కు తెలియజేసి, బాలల రక్షణకు ఉన్న నిబంధనల ప్రకారం నడవడం నేర్పాలి. ఇది కష్టమైన సంభాషణ. ఎదుట తల్లి పాత్రలో ఒకరిని కూర్చోబెట్టి సాధన చేయిస్తే తప్ప రాదు.

తలకు దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ సీటీ స్కాన్ అక్కరలేదు. 42 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి పెకార్న్ అనే పిల్లల అత్యవసర వైద్య పరిశోధన బృందం 2009లో ప్రచురించిన నియమాలు ఎవరికి స్కాన్ అవసరం లేదో చెబుతాయి. స్కాన్ రాసే ముందు కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పమని అడగండి.

6. అంచనా వేయడం

రాత పరీక్ష వద్దు. నిజమైన కేసులో పక్కన నిలబడి చూసి, అదే డ్యూటీలో ఐదు నిమిషాలు మాట్లాడండి. బాగా చేసింది ఒకటి, మార్చుకోవలసింది ఒకటి చెబితే సరిపోతుంది. ఏడాదికోసారి పెద్ద వర్క్‌షాప్ కంటే, అత్యవసర గదిలోనే తరచు జరిపే పది నిమిషాల సాధనకు నా ఓటు.

బృందానికి నాయకత్వం ఎప్పుడు అప్పగించాలన్నది అందరూ అడిగే ప్రశ్న. బిడ్డ పరిస్థితి మారగానే, ఎవరూ గుర్తు చేయకుండా, చేస్తున్న పని ఆపి శ్వాసమార్గం నుంచి మళ్లీ మొదలుపెట్టే రెసిడెంట్‌కు అప్పగించవచ్చు. అప్పటిదాకా సీనియర్ చేయందే దూరంలోనే ఉండాలి.