చిన్నపిల్లలతో ఉత్తర ఆస్ట్రేలియాకు క్యారవాన్‌లో వెళ్లేముందు

మెల్‌బోర్న్, సిడ్నీలో ఉండే మన కుటుంబాలకు పెద్ద సెలవులు దొరికేది డిసెంబరు, జనవరుల్లో. ఇండియా నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చేదీ ఎక్కువగా అప్పుడే. డార్విన్, కాకడూ, కింబర్లీ వైపు వెళ్లకూడని నెలలు కూడా సరిగ్గా అవే. మనకు జూన్‌లో దిగే ఋతుపవనాలు అక్కడ డిసెంబరులో దిగుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుఫాన్లు. 2023 జనవరిలో ఎల్లీ తుఫాను తెచ్చిన వరదకు ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ దగ్గర హైవే వంతెనే దెబ్బతిని పోయింది. కొత్త వంతెన తెరిచేసరికి డిసెంబరు వచ్చింది.

అందుకే జూన్ చివర్లోనో జులై మొదట్లోనో మొదలయ్యే స్కూలు సెలవులకు పెట్టుకోండి. రెండు వారాలే ఉంటే దక్షిణం నుంచి క్యారవాన్ (కారు వెనక తగిలించే చక్రాల ఇల్లు) లాక్కుంటూ వెళ్లొద్దు, సెలవంతా రోడ్డు మీదే అయిపోతుంది. విమానంలో డార్విన్ దిగి అక్కడే బండి అద్దెకు తీసుకోండి. పిల్లల సీటు బిగించే కొక్కేలు ఏ సీటుకు ఉన్నాయో ముందే అడగండి. కంకర రోడ్డు మీద బీమా వర్తిస్తుందో లేదో ఒప్పందంలో చదవండి, చాలావాటిలో వర్తించదు. మొదటి ప్రయాణానికి డార్విన్, జబిరూ, కేథరిన్, కనునుర్రా దారి చాలు. అంతా తారు రోడ్డే. చాలావరకు కంకరే ఉండే 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు పాలు తాగే పిల్లలతో వెళ్లే దారి కాదు.

రోజుకు 300 కిలోమీటర్లు దాటనివ్వకండి. కేథరిన్ నుంచి కనునుర్రా 510 కిలోమీటర్లు, కాబట్టి మధ్యలో టింబర్ క్రీక్‌లో ఒక రాత్రి ఆగాలి. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి. ఎండ బాగా వచ్చాక కదిలి మూడింటికల్లా దిగండి. రోడ్డు ట్రైన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు లాగే లారీలు, 53 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. వాటిని దాటాలంటే ఎదురుగా కిలోమీటరుకు పైగా ఖాళీ కనపడాలి. బండి కదులుతుంటే ఎవరూ క్యారవాన్‌లో కూర్చోకూడదు, అది చట్టవిరుద్ధం.

బరువు దగ్గర చాలామంది పొరపడతారు. క్యారవాన్ ప్లేటు మీద ఖాళీ బరువు, గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. ఆ రెంటికీ ఉన్న తేడానే మీరు ఎక్కించగలిగే సామాను. అది 400 కిలోలు ఉందనుకోండి. ట్యాంకుల్లో 180 లీటర్ల నీళ్లకు 180 కిలోలు, నిండు గ్యాస్ సిలిండర్లు రెండిటికి దాదాపు 35 కిలోలు పోగా మిగిలేది 185. అందులోనే బియ్యం, గ్రైండర్, పిల్లల సైకిళ్లు, మంచినీళ్ల డబ్బాలు, బట్టలు. అన్నీ ఎక్కించాక వేబ్రిడ్జి మీద తూయించండి. క్యారవాన్‌ను కారుకు తగిలించే కొక్కెం మీద పడే బరువు క్యారవాన్ మొత్తం బరువులో 10 శాతం దగ్గర ఉండాలి. సైకిళ్లు వెనక వేలాడదీస్తే ఆ భాగం తగ్గి, లారీ గాలి తగలగానే క్యారవాన్ తోకలా ఊగుతుంది. ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కవద్దు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, డ్యాష్‌బోర్డు దగ్గరున్న కంట్రోలర్‌తో క్యారవాన్ బ్రేకు ఒక్కటే చేత్తో వేయండి.

ఆగిన ప్రతిచోటా క్యారవాన్ ప్రతి చక్రం నడుమ ఉండే హబ్ దగ్గర చేయి ఆనీ ఆననట్టు పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగ్ పోతోందనో బ్రేకు పట్టేస్తోందనో అర్థం. చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు వెళ్లి నట్లు మళ్లీ బిగించాలి. కొంత దూరం కంకర తప్పకపోతే టైర్ల గాలి నాలుగోవంతు తగ్గించి వేగం 60కి దించండి. గాలి నిండుగా ఉంటే పదునైన రాయికి టైరు చిట్లుతుంది. తగ్గించిన గాలితో తారు రోడ్డు మీద వేగంగా వెళ్తే వేడెక్కి పేలుతుంది. కాబట్టి గాలి మళ్లీ నింపే కంప్రెసర్ వెంట ఉండాల్సిందే. కదిలేముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి.

తాగడానికే మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్కేయండి. అన్నీ ఒకే ట్యాంకులో పోయవద్దు. రాయి ఎగిరి తగిలి అడుగున ట్యాంకు చిల్లిపడితే దారిలో చుక్క మిగలదు. రెండు 20 లీటర్ల డబ్బాలు కారులో విడిగా పెట్టుకోండి. బోరు నీళ్లతో పాలపొడి కలపవద్దు, కాచినా అందులోని లవణాలు పోవు. ఎండలో కాగిన పైపు నీళ్లు పిల్లల ముక్కులోకి పోనివ్వకండి. గోరువెచ్చని మంచినీళ్లలో పెరిగే నేగ్లీరియా అనే సూక్ష్మజీవి ముక్కు దారిన మెదడుకు చేరుతుంది. అరుదే, కానీ ప్రాణాంతకం. ముందు పైపులోని వేడి నీళ్లు పారబోసి, చల్లటివి వచ్చాక స్నానం చేయించండి.

ఇక మొసళ్లు. నార్దర్న్ టెరిటరీలో 1971లో వేట నిషేధించాక ఉప్పునీటి మొసళ్లు మళ్లీ బాగా పెరిగాయి. పేరుకు ఉప్పునీటివే గానీ సముద్రానికి ఎంతో దూరంలోని మంచినీటి మడుగుల్లోనూ ఉంటాయి. బురద నీళ్లలో అడుగు దూరంలో ఉన్నా కనపడవు. నీటి అంచుకు కనీసం 5 మీటర్లు ఎడంగా నిలబడండి, గుడారం, క్యారవాన్ 50 మీటర్లు ఎడంగా ఉంచండి. ఒడ్డున గిన్నెలు కడగవద్దు, చేప వ్యర్థాలు పారేయవద్దు. రోజూ ఒకేచోట, ఒకే వేళకు నీళ్ల దగ్గరికి వెళ్లడం మరీ ప్రమాదం, మొసలి ఆ అలవాటు కనిపెడుతుంది. ఒడ్డున ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి పని పిల్లల చేయి పట్టుకోవడమే. ఫోన్, ఫొటోలు ఇంకొకరికి. ఈత పార్కు సిబ్బంది ఆ రోజు తెరిచి ఉంచిన చోటే. ఉత్తరాన సముద్రంలోకి పిల్లలను అసలు దించవద్దు, మొసళ్లకు తోడు విషపు తీగలుండే బాక్స్ జెల్లీఫిష్. అది తగిలితే చోటు రుద్దకుండా 30 సెకన్లకు తక్కువ కాకుండా వెనిగర్ పోసి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి.

పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. కాటు కడగవద్దు కూడా, చర్మం మీది విషాన్ని ఆసుపత్రిలో పరీక్షించే అవకాశం ఉంటుంది. వెడల్పాటి సాగే పట్టీని ముందు కాటు మీద, తర్వాత వేళ్ల నుంచి పైకి కాలంతా గట్టిగా చుట్టి, కర్ర కట్టి, పిల్లవాడిని నడవనివ్వకుండా పడుకోబెట్టండి. అలాంటి పట్టీలు మూడు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది, బరువును బట్టి మోతాదు రాసిపెట్టుకున్న పారాసెటమాల్ చేతికందేలా ఉంచండి.

ఫోన్‌ను నమ్ముకోవద్దు. ఊరు దాటితే చాలాచోట్ల ఏ కంపెనీ సిగ్నలూ ఉండదు. 2024 అక్టోబరు నుంచి 3జీ కూడా లేదు, ఇండియాలో కొన్న ఫోన్లలో కొన్ని 4జీ మీద 000కి కలవవు. పెద్దవాళ్ల ఫోన్లు కంపెనీతో సరిచూపించండి. ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే పీఎల్‌బీ పరికరం కొని, ఉచితంగా రిజిస్టర్ చేసి, కారులోనే పెట్టండి. లారీ డ్రైవర్లతో మాట్లాడటానికి యూహెచ్‌ఎఫ్ రేడియో 40వ ఛానెల్.

కనునుర్రా ముందు పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు తనిఖీ ఉంది. పళ్లు, కూరగాయలు, తేనె తీసేసుకుంటారు. కరివేపాకు, మెంతులు లాంటివి ఉంటే దాచకుండా చూపించండి.

బండి ఆగిపోతే సాయం కోసం నడిచి వెళ్లవద్దు. అందరూ బండి దగ్గరే ఉండి, గుడ్డ నీడ కట్టి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. వెతికే విమానానికి తెల్లటి క్యారవాన్ దూరం నుంచే కనపడుతుంది, పొదల్లో నడిచే మనుషులు కనపడరు.