పాత తూటాతో గురి తప్పుతోందా? ముందు టార్గెట్ కాగితం చూడండి

మొన్న మే నెలలో గచ్చిబౌలి రేంజ్‌లో ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, గురి చూసే సైట్ కదిలిపోయినట్టుంది, ఎంత తిప్పినా పది పాయింట్లు పడట్లేదు" అన్నాడు. కాగితం తెప్పించి చూశాను. 50 మీటర్ల మీద కొట్టిన రంధ్రాలన్నీ ఒకదాని కింద ఒకటి, దారానికి గుచ్చినట్టు నిలువుగా ఉన్నాయి. పక్కకు ఒక్కటీ పోలేదు. సైట్ వదులైతే ఇంత తిన్నగా రావు, పక్కలకూ చెదురుతాయి. "ఏ తూటాలు వాడావు?" అంటే బ్యాగులోంచి రంగు వెలిసిన .22 (అది బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) తూటాల డబ్బా ఒకటి తీశాడు.

రంధ్రాలు నిలువుగా సాగితే

చాలాసార్లు తూటా తూటాకూ వేగం మారుతోందని అర్థం. ఏళ్ల తరబడి వేడిలో, తేమలో పడి ఉన్న డబ్బాలో మందూ, దాన్ని అంటించే ప్రైమరూ ఒక్కో తూటాలో ఒక్కోలా పాడవుతాయి. పోటీల్లో వాడే .22 గుండు సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. అందులో 15 మీటర్లు తగ్గితే 25 మీటర్ల దగ్గర తేడా 3 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. 50 దగ్గర 11 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పే 10.4 మిల్లీమీటర్లు! 100 దగ్గరికి వెళ్తే దాదాపు 5 సెంటీమీటర్లు. పాత తూటా ఎంత దూరం కొడుతుందని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే: .22 గుండు కిలోమీటరు దాటి పోతుంది, గురి మాత్రం వేగం నిలకడగా ఉన్నంత దూరమే.

సైట్ ముట్టుకోకండి. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) నంబరున్న కొత్త డబ్బాలోంచి పది, పాతదాంట్లోంచి పది, రెండు వేరే కాగితాల మీద రైఫిల్‌ని బల్లకు ఆనించి కొట్టండి. కొత్తవి గుమిగూడి పాతవి సాగితే విషయం తేలిపోయినట్టే. మా కుర్రాడికీ అలాగే తేలింది. మన ఎండల్లో కారులో డబ్బా వదిలేసే అలవాటు మాత్రం దయచేసి మానండి. చల్లటి పొడి చోట, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టుకోండి.

గ్రూప్ (రంధ్రాల గుంపు) బాగుండి, మొత్తంగా కిందికి దిగితే

ఇది తూటా జబ్బు కాదు, దూరం లెక్క. 50 మీటర్లకు సైట్ సరిచేసిన .22 రైఫిల్ 100 దగ్గర జానెడు కిందికి కొడుతుంది. .32 రివాల్వర్ తూటా 1896 నాటిది, సెకనుకు 215 మీటర్లు మాత్రమే. 25 మీటర్లకు సరిచేస్తే 50 దగ్గర సుమారు 14 సెంటీమీటర్లు దిగుతుంది. పొట్టి గొట్టంతో, చేత్తో పట్టి కొట్టేదానికి 25 మీటర్లే న్యాయమైన దూరం.

త్రీనాట్‌త్రీ (.303 సైనిక రైఫిల్) సంగతి చాలామంది అడుగుతారు. దాని సైట్ మీద 2000 గజాల దాకా అంకెలు ఉంటాయి కదా అని. ఆ దూరాలు దళమంతా కలిసి గుంపు మీద కాల్చడానికి వేసినవి, ఒక్క మనిషి మీద గురికి కాదు. 1910లో వచ్చిన ఏడో మార్కు తూటాతో, సెకనుకు 744 మీటర్ల వేగంతో కూడా, సగటు రైఫిల్ 100 గజాల దగ్గర మూడు నాలుగు అంగుళాల్లో పరుస్తుంది. 300 దగ్గర అదే అడుగు. (ఇది నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద ఇవ్వరు.)

రంధ్రం కోలగా చిరిగితే

గుండు తిరగకుండా పక్కకు వాలి తగులుతోంది. గొట్టంలో సీసం పేరుకుందా, గుండును తిప్పే లోపలి గాళ్లు అరిగాయా అని తుపాకుల మేస్త్రీ చేత చూపించండి. రెండూ లేకపోతే గుండు సైజు కొలిపించండి. పాత .38 బ్రిటిష్ రివాల్వర్‌కు గుండు .361 అంగుళం, .38 స్పెషల్‌కు .357. పేరు ఒకటే, కానీ ఆ పాత గొట్టంలో .357 గుండు వదులు.

శబ్దం పీలగా వస్తే

ఆగిపోండి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది. తుపాకీ ఖాళీ చేసి, గొట్టం తేటగా ఉందని కళ్లారా చూసేదాకా ఇంకో తూటా వద్దు. నొక్కితే "టిక్" అని ఊరుకుంటే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టండి. పాత ప్రైమర్ ఆలస్యంగా అంటుకోగలదు. రివాల్వర్ అయితే ఆ లోపల మళ్లీ ట్రిగ్గర్ నొక్కొద్దు.

ఇత్తడి కేసు మూతి దగ్గర చీలిక ఉంటే

బ్రిటిష్ కాలంలో ఇక్కడి వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడిని తినేస్తోందని 1921లో తేల్చారు. అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌తో తూటాలు రుద్దకండి. నూనె కూడా పూయకండి, అది ప్రైమర్‌లోకి ఇంకుతుంది. గోటితో తడిమితే తగిలే చీలిక, ఆకుపచ్చ చిలుము, ఊగే గుండు, వీటిలో ఏది కనబడినా ఆ తూటా కాల్చొద్దు.

నిన్న బాగా కొట్టి, వారానికే చెదిరితే

పాత సైనిక తూటాల ప్రైమర్ గొట్టంలో ఉప్పు వదులుతుంది. మన వానాకాలంలో అది తేమ లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనెతో పోదు. అదే రోజు వేడినీళ్లు పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాత నూనె పట్టించండి.

తాతగారు పోయాక బీరువాలో బయటపడిన డబ్బాలను ఇంట్లో విప్పకండి, చెత్తలో వేయకండి. లైసెన్సు లేకుండా తూటాలు దగ్గర ఉంచుకోవడం కూడా 1959 ఆయుధాల చట్టం కింద నేరమే. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ముందు ఫోన్ చేసి చెప్పి, అప్పగించి, రసీదు తీసుకోండి.