రోగిని తరలించే ముందు కాప్నోమీటరును సరిచూసుకోండి

వెంటిలేటర్ మీద ఉన్న రోగిని అంబులెన్సులో తరలిస్తున్నప్పుడు శ్వాసనాళంలోని ట్యూబు జారిపోతే ఆ సంగతి మొదట చెప్పేది, వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలిచే కాప్నోమీటరే. పల్స్ ఆక్సిమీటరులో అంకె పడిపోవడానికి ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుంది. అరచేతిలో ఇమిడే ఈ పరికరం చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చో రోగి మంచం కదలకముందే తేల్చుకోవాలి.

చాలా పరికరాల మాన్యువళ్లలో 40 మిల్లీమీటర్ల (పాదరస మట్టం) లోపు కొలతలకు 2 మిల్లీమీటర్ల అటూఇటూ తేడా ఉండవచ్చని రాసి ఉంటుంది. అసలు చిక్కు అక్కడ లేదు. ఆరోగ్యవంతుల్లో ధమని రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం, వదిలే గాలి చివర కొలిచిన దానికంటే 2 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ. బీపీ బాగా పడిపోయినా, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా ఈ తేడా చాలా పెరుగుతుంది. అప్పుడు పరికరం 35 చూపుతున్నా రక్తంలో 55 ఉండవచ్చు, అందులో యంత్రం తప్పేమీ లేదు. తలకు గాయమైన రోగికి ఆ 35ని చూసి శ్వాసల సంఖ్య తగ్గిస్తే మెదడులో ఒత్తిడి పెరుగుతుంది. కనుక బయలుదేరే ముందు ఏబీజీకి (ధమని రక్తంలోని వాయువుల పరీక్షకు) రక్తం తీసి, అదే నిమిషంలో పరికరం చూపిన అంకెను కేస్ షీటులో దాని పక్కనే రాయండి. దారిలో బీపీ మారితే ఆ తేడా కూడా మారిందనే అనుకోవాలి.

సన్నని గొట్టంతో గాలిని పీల్చుకునే సైడ్‌స్ట్రీమ్ రకంలో తేమ పెద్ద శత్రువు. ఒక వానాకాలం రాత్రి మా రోగి అంకె 38 నుంచి 24కు దిగింది. టార్చి వేసి చూస్తే గొట్టం మలుపులో ఆవగింజంత నీటిబొట్టు. గొట్టం మార్చగానే 37కు వచ్చింది. అందుకే కొత్త గొట్టం ఒకటి, వాటర్ ట్రాప్ (గొట్టంలో చేరే నీటిని పట్టే చిన్న డబ్బా) ఒకటి అదనంగా సంచిలో ఉంచాలి. ట్యూబు కఫ్ (శ్వాసనాళంలో ట్యూబు చుట్టూ ఉబ్బే బుడగ) దగ్గర గాలి కారుతున్నా అంకె తక్కువగానే వస్తుంది. పసిపిల్లలు వేగంగా శ్వాసిస్తారు కాబట్టి ఈ రకం వారిలో మరింత తక్కువ చూపవచ్చు.

పరికరం వేడెక్కేదాకా ఆగి, ఎవరి ఊపిరీ తగలని చోట జీరో చేయండి. ఆ తరువాత అడాప్టరులోకి (ట్యూబుకు తగిలించే ముక్కలోకి) మీరే ఒకసారి ఊది తెర మీద అల వస్తోందో లేదో చూసుకోండి.

రంగు మారే కాగితపు డిటెక్టరు మాత్రమే ఉంటే, జీర్ణరసం గానీ ఆడ్రినలిన్ గానీ తగిలి తడిసిన కాగితం కార్బన్ డయాక్సైడ్ లేకపోయినా పసుపుగానే ఉండిపోతుందని గుర్తుంచుకోండి; ప్రతి శ్వాసకూ ఊదా, పసుపు రంగులు మారి మారి వస్తేనే నమ్మాలి.

దారిలో అల చదునైతే పరికరాన్ని తట్టి చూస్తూ కూర్చోవద్దు. ట్యూబు బయటికి వచ్చిందనే అనుకుని, ముందు రోగి ఛాతీని, ట్యూబును, కనెక్షన్లను చూడండి. గుండె ఆగిన రోగికి ఛాతీ నొక్కుతున్నప్పుడు కూడా పొట్టిదైనా అల సాధారణంగా కనిపిస్తుంది కనుక, గుండె ఆగింది కాబట్టే గీత చదునైందని సరిపెట్టుకోకూడదు.