పాత షవర్‌ను బాగుచేయించాలా, మార్చాలా: గోడ తెరిచే ముందు చేయవలసిన పరీక్షలు

షవర్ పాతబడి, పిడి బిగుసుకుపోవడమో నీటి ధార సన్నబడటమో మొదలుకాగానే ఇంట్లో రెండు అభిప్రాయాలు బయలుదేరుతాయి. వాషర్ మార్పిస్తే సరిపోతుందని ఒకరంటే, ఎలాగూ పాతదే కాబట్టి మొత్తం తీయించి కొత్తది పెట్టిద్దామని మరొకరంటారు. ఈ నిర్ణయాన్ని షవర్ వయసును బట్టి గాని, పైపూత మెరుపును బట్టి గాని తీసుకోకూడదు. నీరు ఎక్కడ దారి తప్పుతున్నదో ముందుగా తెలుసుకోవాలి. మనం షవర్ అని ఒక్క మాటలో చెప్పేదానిలో నిజానికి మూడు పొరలున్నాయి. గోడ బయట కనిపించే తల, గొట్టం, పిడి మొదటిది. గోడలోపల ఉండే వాల్వు, పైపులు రెండోది. టైల్స్ వెనుకా నేల కిందా నీటిని ఆపే వాటర్‌ప్రూఫింగ్ పొర మూడోది. మొదటిదాన్ని చేత్తో విప్పవచ్చు, రెండోదాన్ని మొత్తంగా మార్చాలంటే గోడ తెరవాలి, మూడోదానికి స్నానాల గదినే విప్పాలి. లోపం ఏ పొరలో ఉన్నదో తేలితే నిర్ణయం చాలావరకు తేలినట్లే.

సులభమైన దానితో మొదలుపెడదాం. ధార తగ్గిందనిపిస్తే షవర్ కింద 10 లీటర్ల బకెట్ పెట్టి, పూర్తిగా తిప్పి, నిండటానికి ఎంతసేపు పడుతుందో చూడండి. తరువాత షవర్ తలను విప్పేసి, ఒట్టి పైపు నుంచి అదే బకెట్‌ను మళ్లీ నింపండి. తల లేనప్పుడు నీరు బలంగా వస్తే లోపం తలలోనే ఉంది; ఉప్పునీటి వల్ల రంధ్రాలలో గార పేరుకుపోయి ఉంటుంది. తలను కొన్ని గంటలపాటు వెనిగర్‌లో గాని నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో గాని నానబెట్టి, పాత పళ్ల కుంచెతో రుద్దితే ఆ గార కరుగుతుంది. బాత్రూమ్ కడిగే ఘాటైన యాసిడ్‌ను మాత్రం వాడవద్దు, అది క్రోమియం పూతను తినేస్తుంది. వెనిగర్ కూడా పాలరాతి మీద పడితే మరకలు మిగులుతాయి. ఏ ఆమ్లాన్నీ బ్లీచింగ్ ద్రావణంతో కలపకూడదు, ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇంత చేసినా రంధ్రాలు తెరుచుకోకపోతే తల ఒక్కటే మార్చండి, దానికి గోడతో పని లేదు. మరచుట్టు మీద టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలు.

తల తీసినా ధార సన్నగానే ఉంటే చన్నీటినీ వేన్నీటినీ విడివిడిగా పరీక్షించాలి. వేన్నీరు మాత్రమే తగ్గితే షవర్‌ను అనుమానించే ముందు గీజర్‌ను, దానికి వెళ్లే వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నదా లేదా అన్నదాన్ని చూడండి. రెండూ తగ్గి, అదే గదిలోని మిగతా కుళాయిలలో నీరు బాగా వస్తుంటే లోపం షవర్ వాల్వులోనో, దాని నుంచి పైకి వెళ్లే పైపులోనో ఉంది. ఇల్లంతా తగ్గితే అది షవర్ సమస్యే కాదు, కొత్త షవర్ కొన్నా ధార మారదు. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లనే ఎంతో డబ్బు వృథా అవుతుంది.

ఇక కట్టేసిన తరువాత చుక్కలు పడటం. వెడల్పాటి వాన షవర్లలో తలలోపల కొంత నీరు నిలిచి ఉంటుంది. కట్టేశాక కొన్ని నిమిషాలపాటు, ఒక్కొక్కసారి ఇంకాసేపు, ఆ నీరు కారుతుంది. అది లోపం కాదు. గంట గడిచినా చుక్కలు ఆగకపోతే మాత్రం వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదని అర్థం. నష్టమెంతో తెలియాలంటే కింద ఒక కొలపాత్ర పెట్టి గంటసేపు ఆగండి. గంటకు పావు లీటరు పడితే రోజుకు 6 లీటర్లు, ఏడాదికి దాదాపు 2,200 లీటర్లు. అది వేన్నీరైతే దాన్ని కాచిన ఖర్చు కూడా తూములోకే పోతున్నట్లు. ఇంత నష్టానికీ కారణం సాధారణంగా అరిగిపోయిన ఒక రబ్బరు వాషరో, వేన్నీటినీ చన్నీటినీ ఒకే పిడితో కలిపే మిక్సర్ కుళాయిలలో కార్ట్రిడ్జో (నీటిని తెరిచి మూసే లోపలి భాగం) అయి ఉంటుంది. దానికోసం గోడ పగలగొట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. మెయిన్ వాల్వు కట్టి, పైపులలో మిగిలిన నీటిని వదిలించి, తూముకు గుడ్డ అడ్డం పెట్టి (చిన్న మరలు అందులోనే పడతాయి), పిడి విప్పి లోపలి భాగాన్ని బయటికి తీయండి. పాత భాగాన్ని దుకాణానికి తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే కొత్తది కొనాలి. కార్ట్రిడ్జులు చూడటానికి ఒకేలా ఉన్నా పళ్ల సంఖ్యలోనో పొడవులోనో తేడా ఉంటుంది. కొత్తది బిగించే ముందు మెయిన్ వాల్వును నెమ్మదిగా తెరిచి, బకెట్ అడ్డం పెట్టి, లైన్‌లోని ఇసుకను కాస్త నీటితో పోనివ్వాలి. కొత్త కార్ట్రిడ్జు కొద్ది నెలలకే మళ్లీ కారుతున్నదంటే చాలాసార్లు ఈ ఇసుకే కారణం, లేదా నీటి ఒత్తిడి మరీ ఎక్కువగా ఉండటం.

వాల్వు మార్చక తప్పని సందర్భాలు వేరే ఉన్నాయి. వాషర్ ఆనే ఇత్తడి అంచు గుంటలు పడితే ఎన్ని వాషర్లు మార్చినా చుక్క ఆగదు. ఆ అంచును మళ్లీ నున్నగా చేసే పనిముట్టు ఉన్నప్పటికీ, గుంట లోతైనదైతే అది పనికిరాదు. ఇత్తడి భాగం అక్కడక్కడ ఎర్రబారి గుల్లగా కనిపిస్తే అందులోని జింకు కరిగిపోయి లోహం బలహీనపడిందని గ్రహించాలి. అటువంటి వాల్వును స్పానర్‌తో గట్టిగా తిప్పితే గోడలోపలే విరగవచ్చు. ఆ నమూనాకు విడిభాగాలు దొరకకపోవడం మరొక కారణం. చన్నీటి కుళాయి తిప్పినా గోరువెచ్చని నీరు వస్తుంటే ఇంట్లోని ఏదో ఒక మిక్సర్‌లో వేన్నీరు చన్నీటి వైపుకు దాటుతున్నదని అనుమానించాలి. ఇది కార్ట్రిడ్జుతో గాని, నీటిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వులతో గాని చాలావరకు సరవుతుంది.

వాల్వు పనిచేస్తున్నా మార్చమని నేను గట్టిగా చెప్పే సందర్భం ఒకటుంది. ఎవరో వంటగదిలో చన్నీటి కుళాయి తిప్పగానే షవర్‌లోని నీరు ఒక్కసారిగా కాలిపోయేంత వేడిగా మారితే, ఆ ఇంట్లో వృద్ధులో పసిపిల్లలో ఉంటే, దాన్ని అలవాటుగా సరిపెట్టుకోకూడదు. 60 డిగ్రీల సెల్సియస్ నీరు కొద్ది సెకన్లలోనే తీవ్రంగా కాలుస్తుంది, పిల్లల చర్మానికి ఇంకా తక్కువ సమయం చాలు. అలాగని గీజర్ వేడిని బాగా తగ్గించడం పరిష్కారం కాదు, ఎందుకంటే నిల్వ నీరు గోరువెచ్చగా ఉంటే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరగడానికి అనువుగా ఉంటుంది. ఒత్తిడిని సమం చేసే వాల్వు గాని, ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచే థర్మోస్టాటిక్ వాల్వు గాని పెట్టించుకుంటే నీరు నిల్వలో వేడిగానే ఉండి, ఒంటి మీద పడేటప్పుడు మాత్రం 38 నుంచి 40 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఇక నీటిని అప్పటికప్పుడు వేడిచేసే విద్యుత్ షవర్ల విషయంలో ఆలోచనకు తావే లేదు. పిడి ముట్టుకుంటే చిమచిమలాడినా, కాలిన వాసన వచ్చినా వెంటనే బ్రేకర్ కట్టేసి, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాడకూడదు.

అన్నిటికంటే కష్టమైనది కనిపించని ఊట. గోడ అవతల చెమ్మ, కింది అంతస్తు పైకప్పున మరక, పెచ్చులూడటం, తెల్లని ఉప్పు పొడి రాలడం దాని గుర్తులు. మరక ఉన్న చోటే ఊట ఉంటుందనుకోవద్దు. నీరు స్లాబు మీద ఎంతో దూరం పాకి, దారి దొరికిన చోట దిగుతుంది. అందుచేత అంచనాతో టైల్స్ పగలగొట్టించకుండా కింద చెప్పిన పరీక్షలను వరుసగా, ఒక్కొక్కదాని మధ్య మరక ఆరడానికి వ్యవధి ఇస్తూ చేయండి. ఒకేరోజు అన్నీ చేస్తే ఏది ఏదో తెలియదు.

మొదట ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటర్ అంకెను రాసుకుని, రెండు గంటలు నీరు వాడకుండా ఉండి మళ్లీ చూడాలి; ట్యాంకు నుంచి వచ్చే ఇళ్లలో ట్యాంకులోకి నీరు రాకుండా కట్టి నీటిమట్టాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. ఏమీ వాడకుండానే అంకె కదిలితే, లేదా మట్టం తగ్గితే, ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే పైపు ఎక్కడో కారుతున్నది. అది షవర్ లైనేనా అన్నది, షవర్‌కు విడిగా వాల్వు ఉంటే దాన్ని కట్టి ఇదే పరీక్ష మళ్లీ చేస్తే తెలుస్తుంది. మీటర్ కదలకపోతే రెండో పరీక్ష: షవర్ తల విప్పి, ఆ పైపు మూతికి మర ఉన్న బిరడా బిగించి, వాల్వు తెరిచి కొంతసేపు వదిలేయండి. నేల తడవదు, తూములోకి నీరు పోదు. అయినా చెమ్మ వచ్చిందంటే వాల్వుకూ తలకూ మధ్యనున్న పైపులోనే లోపం ఉంది. మూడో పరీక్షలో గోడలు తడపకుండా బకెట్లతో నీటిని నేరుగా తూములోనే పోయాలి, అప్పుడు కారితే తూము అతుకో కింది పైపో కారణం. నాలుగోది గోడల మీద, మూలలలో చేతి షవర్‌తో నీరు చల్లి చూడటం.

చివరిది నేల పరీక్ష. తూమును బిగుతుగా మూసి, నేలంతా మునిగేలా, గడప దాటకుండా నీరు నిలిపి, మట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి 24 గంటలు ఉంచాలి. పక్కనే ఒక వెడల్పు గిన్నెలో నీరు పోసి దానికీ గీత పెట్టండి, ఆవిరై ఎంత తగ్గిందో అది చెబుతుంది. గిన్నెలోకంటే నేలమీద ఎక్కువగా తగ్గితే నీరు కిందికి దిగుతున్నట్లే. కింది పైకప్పు ఇప్పటికే ఉబ్బి గాని వంగి గాని ఉంటే ఈ పరీక్ష చేయవద్దు, ముందు నిర్మాణం తెలిసినవారికి చూపించాలి.

టైల్స్ విషయంలో చాలామందిలో ఒక అపోహ ఉంది. టైల్స్ మధ్యనున్న గ్రౌట్ నీటిని ఆపుతుందని నమ్మి, ఊట కనబడగానే కొత్త గ్రౌట్ నింపిస్తారు. సాధారణ సిమెంటు గ్రౌట్ నీటిని కొంత పీల్చుకుంటుంది. నీటిని నిజంగా ఆపేది టైల్స్ వెనుకనున్న వాటర్‌ప్రూఫింగ్ పొర. అది చక్కగా ఉండి, మూలల సందులను మూసే రబ్బరులాంటి సిలికాన్ మాత్రమే చిట్లితే పాత సిలికాన్‌ను పూర్తిగా గీకివేసి, ఆరబెట్టి, కొత్తది నింపి, ఒకరోజు తడవనీయకుండా ఉంచితే సరిపోతుంది. పాతదాని మీదనే కొత్తది పూస్తే అది అంటుకోదు. టైల్స్‌ను నాణెంతో తట్టి చూడండి. ఒకటి రెండు డొల్లగా మోగితే వాటిని మళ్లీ అతికించవచ్చు. అనేక టైల్స్ డొల్లగా మోగుతూ, కొన్ని కదులుతూ, నేల పరీక్షలో మట్టం కూడా తగ్గితే ఆ పొర చెడిపోయినట్లే. అప్పుడు పైపై మరమ్మతులు ఊటను కొన్నాళ్లు కప్పిపెడతాయి, ఆలోగా గోడలోని ఇనుమో చెక్కో దెబ్బతింటుంది. ఇక్కడ సగం పని చేయించవద్దని నా గట్టి అభిప్రాయం: టైల్స్ తీయించి, పొరను కొత్తగా వేయించవలసిందే.

గోడ తెరవక తప్పదని తేలిన తరువాత లెక్క మారుతుంది. బాగానే పనిచేస్తున్న పాత వాల్వును కొత్త టైల్స్ వెనుక మూసివేయడం తెలివైన పొదుపు కాదు, రెండేళ్లకు అది కారితే ఆ టైల్స్‌ను మళ్లీ పగలగొట్టాలి. పైపులు జింకు పూత వేసిన పాత ఇనుపవై, ఉదయం మొదటి నీరు ఎర్రగా వస్తుంటే వాటినీ అప్పుడే మార్పించాలి. అదే సమయంలో ఆ షవర్‌ను ఎవరు వాడతారో ఆలోచించండి. ఎత్తైన గడప తీయించడం, జారని నేల వేయించడం, పట్టుకునే కడ్డీని గట్టి గోడలో బిగించడం అప్పుడైతే సులువు. దీనికి భిన్నంగా, వాల్వు ఒక్కటే మార్చాలి, టైల్స్ బాగున్నాయి, అటువంటివి ఇప్పుడు దొరకవు అన్నప్పుడు గోడ వెనుకవైపు నుంచి తెరవవచ్చునేమో ప్లంబర్‌ను అడగండి. అటువైపు అలమారో మామూలు గదో ఉంటే ఆ దారి నయం. ముందునుంచే తీయవలసివస్తే రంధ్రాన్ని కప్పే వెడల్పాటి పళ్లెం ఉన్న కొత్త వాల్వును ఎంచుకోవచ్చు.

కొత్తది కొనే ముందు మీ నీటి ఒత్తిడి దానికి సరిపోతుందో లేదో పెట్టె మీద చూసుకోండి. ఎత్తు తక్కువ ట్యాంకు నుంచి వచ్చే నీటితో కొన్ని పెద్ద వాన షవర్లు సరిగ్గా పనిచేయవు. పనివారు పైపులు బిగించాక, గోడ మూయకముందే, లైన్‌ను ఒత్తిడిలో ఉంచి అతుకులన్నీ పొడిగా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. వాటర్‌ప్రూఫింగ్ పొర ఆరిన తరువాత, టైల్స్ వేయకముందు, పైన చెప్పిన 24 గంటల నేల పరీక్షను పట్టుబట్టి చేయించండి; ఆ ఒక్కరోజు ఆలస్యానికి మేస్త్రీ అభ్యంతరం చెప్పినా వదలవద్దు. తెరిచి ఉన్న గోడకు కొలత టేపు ఆనించి ఫొటోలు తీసి, వాల్వు నమూనా సంఖ్యతో పాటు భద్రపరచండి. అదనంగా నాలుగైదు టైల్స్‌నూ, ఒక విడి కార్ట్రిడ్జునూ కొని అట్టిపెట్టుకుంటే వచ్చేసారి మరమ్మతుకు దుకాణాలన్నీ వెతకవలసిన అవసరం ఉండదు.