వీడియో కాల్ చివర్లో పెట్టుకోండి: ఫ్రెంచి క్లాసులో ఆన్‌లైన్ ఎక్స్ఛేంజ్

రెండు దేశాల క్లాసులు నెట్‌లో కలిసి నేర్చుకునే ఆన్‌లైన్ ఎక్స్ఛేంజ్ అనగానే చాలామంది టీచర్లు ముందు జూమ్ లింకు పంపేస్తారు. తెర మీద ముఖాలు కనబడగానే మన పిల్లలు ముడుచుకుపోతారు, అటువైపు పిల్లలు బల్ల కిందకి చూస్తారు, ఎవరో ఒకరు "డూ యూ లైక్ బాలీవుడ్?" అంటారు, గంట కొట్టేస్తారు. నేను హైదరాబాదులో డిగ్రీ పిల్లలకు సెకండ్ లాంగ్వేజిగా ఫ్రెంచి చెబుతాను. నా క్లాసులో పని రాతతో మొదలవుతుంది.

పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో ఎం.ఐ.టి. ఫ్రెంచి టీచర్లు 1997లో 'కల్చురా' పేరుతో మొదలుపెట్టారు. రెండు దేశాల పిల్లలకూ ఒకే ప్రశ్నలు ఇస్తారు, ఎవరి భాషలో వాళ్లు రాస్తారు, జవాబులు పక్కపక్కన పెట్టి చదువుకుంటారు, ఆ తర్వాతే ఒకరినొకరు అడగడం.

ముందు జోడీ దొరకాలి. ఫ్రాన్సులో ఫ్రెంచి టీచర్ని వెతక్కండి, ఇంగ్లీషు టీచర్ని వెతకండి. మన పిల్లలకు ఫ్రెంచి ఎంత అవసరమో ఆవిడ పిల్లలకు ఇంగ్లీషు అంత అవసరం. బడుల్ని జోడీ కలిపే ఈట్విన్నింగ్ వేదిక ప్రధానంగా ఐరోపా బడుల కోసం పెట్టింది కాబట్టి అక్కడ టైము వృథా చేసుకోకండి. ఫ్రెంచి నేర్పే సంస్థ అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో తెలిసినవాళ్లను అడగడం నయం. లిసే అంటే మన ఇంటర్ వయసు పిల్లలు, వాళ్లతో బాగా కుదురుతుంది. హైస్కూలు టీచర్లయితే ఒకటి గుర్తుపెట్టుకోండి: 2018 చట్టంతో అక్కడ కొలేజ్ (మన హైస్కూలు వయసు బడి) పిల్లలకు బడిలో ఫోను వాడకం లేదు, కంప్యూటర్ గది దొరికిన రోజే పని.

క్యాలెండర్ ముందే ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి. మనకు దసరా, దీపావళి. వాళ్లకు అక్టోబరు చివర రెండు వారాల తుస్సేన్ సెలవులు, తర్వాత క్రిస్మస్. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మధ్య దాకా ఇరువైపులా ఖాళీగా దొరుకుతుంది, నేను అక్కడే ఇరికిస్తాను. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పటికి తేడా నాలుగున్నర గంటలు. వాళ్ల ఉదయం 9 అంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర.

పేర్ల సంగతి. పోస్టుల్లో పిలిచే పేరు మాత్రమే, ఇంటిపేరు వద్దు. ఫ్రాన్సులో మైనర్ల ఫొటో పెట్టాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి, అదొక కారణం. రెండో కారణం మనది. ఇంటిపేరు చూసి ఫ్రెంచి పిల్లలకు ఏమీ తెలియదు, కానీ పక్క బెంచీవాడికి అంతా తెలుస్తుంది. ఆ ఇబ్బంది పిల్లలకెందుకు?

ఇక ప్రశ్నలు. "మీ పండుగల గురించి చెప్పండి" అని అడిగితే వికీపీడియా బతుకమ్మ వచ్చి పడుతుంది. సందర్భం ఇవ్వండి. "రాత్రి తొమ్మిదికి చెప్పాపెట్టకుండా ఫ్రెండు తలుపు కొట్టాడు. ఏం చేస్తావు?" ఫ్రెంచి పిల్లలు దాదాపు అందరూ "ఏమైంది, ఏదైనా ప్రమాదమా?" అని రాశారు. మనవాళ్లు "అమ్మ ఇంకో ప్లేటు పెడుతుంది" అని రాశారు. వెంటనే క్లాసులో గుసగుసలు: చూశారా మేడమ్, వాళ్లకు ఆప్యాయత లేదు. ఇక్కడే టీచరు నోరు కట్టుకోవాలి. రెండు రోజులాగితే అటువైపు నుంచి ఒకమ్మాయి అడిగింది: ప్రతి జవాబులోనూ అమ్మే ఉంది, తొమ్మిదింటికి ఆవిడకు నిద్ర రాదా, వండేది మీరెవరూ కాదా? మా మగపిల్లలు సగంమంది ఆ వారం జవాబే ఇవ్వలేదు. వాళ్ల సంస్కృతి నేర్పుదామని కూర్చుంటే మన వంటిల్లు బయటపడింది. నేను ఉపన్యాసం ఇచ్చుంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

ఇంకొకటి బాగా పండేది మార్కులు. "పరీక్షలో 20కి 12 వచ్చాయి, ఇంట్లో ఏమంటారు?" మనవాళ్లు ఇంట్లో జరగబోయే యుద్ధం వర్ణిస్తారు. అక్కడ లిసే చివరి పరీక్ష బాకాలోరియాలో 20కి 10 వస్తే పాస్, 12కి 'అసే బియాఁ' (బాగానే ఉంది), 14కి 'బియాఁ' (బాగుంది), 16కి 'త్రె బియాఁ' (చాలా బాగుంది). ఈ లెక్క ముందే చెప్పేయకండి, పిల్లల్నే అడిగి తెలుసుకోనివ్వండి.

భాష దగ్గర ఒక చిక్కుంది. ఎవరి భాషలో వాళ్లు అన్నా, అటువైపు పిల్లలకు కావలసింది ఇంగ్లీషు కాబట్టి మనవాళ్లు ఇంగ్లీషులో రాయాలి. సూటిగా ఇంగ్లీషులో రాయిస్తే కాంపిటీషన్ వ్యాసంలా వస్తుంది. అందుకని ముందు తెలుగులోనో ఉర్దూలోనో పక్కవాడికి నోటితో చెప్పించి, తర్వాత రాయిస్తాను. ప్రశ్నలు వేసేటప్పుడు మాత్రం మనవాళ్లు ఫ్రెంచిలోకి, వాళ్లు ఇంగ్లీషులోకి మారాలి. తప్పులు దిద్దడం వేరే రోజు.

కష్టమైన ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. మా క్లాసులో హిజాబు వేసుకునే అమ్మాయిలున్నారు. మీ బడిలో హిజాబు ఎందుకు కుదరదని ఈ అమ్మాయిలు అడుగుతారు. అటునుంచి కులం గురించి అడుగుతారు. ఆపకండి, కానీ అడిగే ముందు కొంత చదివించండి: మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 చట్టం, ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను నిషేధించిన 2004 చట్టం, అది విశ్వవిద్యాలయాల విద్యార్థులకు వర్తించదన్న సంగతి. రెండు క్లాసులకూ నా షరతు ఒకటే: "మీవాళ్లు ఎందుకిలా?" అని అడగకూడదు, "నువ్వు రాసిన ఫలానా వాక్యం ఏ సందర్భంలోది?" అని అడగాలి. జవాబివ్వకపోయే హక్కు అందరికీ ఉంటుంది. పదిహేడేళ్ల పిల్ల తన దేశం తరఫున సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు.

మార్కులు వ్యాకరణానికి వేయను. ప్రతి వారం నోటుబుక్కులో ఒక పేజీ: అటువైపు పిల్లలు రాసిన ఒక వాక్యం యథాతథంగా ఎక్కించాలి, చదవకముందు ఏమనుకున్నారో రాయాలి, ఇంకా అర్థంకానిది ఒక ప్రశ్నగా పెట్టాలి. పదిలో ఐదు ఆ ప్రశ్నకే. "ఫ్రెంచివాళ్లు ఎప్పుడూ" అని మొదలైన వాక్యం కింద ఎర్ర గీత పడుతుంది.

ఇదంతా అయ్యాక వీడియో కాల్. జూమ్ ఉచిత ఖాతాకు 40 నిమిషాలే కాబట్టి నలుగురేసి గుంపులు చేయండి, ఇద్దరు ఇక్కడివాళ్లు, ఇద్దరు అక్కడివాళ్లు. మొదటి ఇరవై నిమిషాలు ఫ్రెంచి, మిగతాది ఇంగ్లీషు. ప్రతి ఒక్కరి చేతిలో నోటుబుక్కులోని ప్రశ్న ఒకటి ఉండాలి. హెడ్‌ఫోన్లు ఇంటినుంచి తెమ్మనండి, కాలేజీ ల్యాబులో సగం పనిచేయవు.