ప్రోబ్‌లో యాంప్లిఫయర్, 4వ పాఠం: ఎంత కరెంటు ఇస్తే చాలు?

పోయిన పాఠంలో అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఎలిమెంటును (ధ్వని పంపి, ప్రతిధ్వని అందుకునే చిన్న ముక్కను) ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరుగా గీసుకున్నాం. 5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ రెసిస్టరు విలువ 200 ఓమ్స్ అనుకున్నాం. ఈసారి దాని పక్కన యాంప్లిఫయర్‌లోని మొదటి ట్రాన్సిస్టరును పెట్టి, దానికి ఎంత కరెంటు ఇవ్వాలో తేలుద్దాం.

ఇక్కడికి రాగానే చాలామంది డేటాషీట్లు తెరిచి, అన్నిటికంటే తక్కువ నాయిస్ (సిగ్నల్‌లో కలిసిపోయే రొద) ఉన్న చిప్ ఏదా అని వెతుకుతారు. ట్రాలీ మీద కూర్చునే పెద్ద మెషీనుకైతే సరే. చేత్తో పట్టుకునే ప్రోబ్‌కి ఆ పద్ధతి పనికిరాదు. 128 చానళ్ళు (ఒక్కో ఎలిమెంటుకి ఒక్కో యాంప్లిఫయర్) పిడికెడు డబ్బాలో ఇరుక్కుని ఉంటాయి, ఫ్యాను పెట్టే వీలుండదు. పైగా రోగి ఒంటికి తగిలే భాగం 43 డిగ్రీలు దాటకూడదని అల్ట్రాసౌండ్ పరికరాల భద్రతకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-37 చెబుతోంది. పల్సు పంపేటప్పుడు ఎలిమెంటులో పుట్టే వేడే అందులో చాలావరకు తినేస్తుంది. మిగిలిందే మనది.

ఇక లెక్క. ఎలిమెంటులోని 200 ఓమ్స్ ఎలాగూ నాయిస్ చేస్తుంది, దాన్ని మనం ఆపలేం. ట్రాన్సిస్టరుకి 1 మిల్లీఆంప్ ఇస్తే దాని ఎమిటర్ రెసిస్టెన్స్ 26 ఓమ్స్. దాని వోల్టేజ్ నాయిస్ అందులో సగం, అంటే 13 ఓమ్స్ రెసిస్టరు చేసే నాయిస్‌తో సమానం. 200 మీద 13 అంటే ఆరున్నర శాతం. నాయిస్ ఫిగర్, అంటే ట్రాన్సిస్టరు వల్ల మొత్తం నాయిస్ ఎంత పెరిగిందో చెప్పే కొలత, 0.27 డీబీ (డెసిబెల్). చాలా బాగుంది కదా? కానీ 3.3 వోల్టుల సప్లై మీద 128 చానళ్ళకి అది 422 మిల్లీవాట్లు.

కరెంటును 300 మైక్రోఆంప్స్‌కి దించండి. 13 కాస్తా 43 అవుతుంది, నాయిస్ ఫిగర్ 0.85 డీబీ, పవర్ 127 మిల్లీవాట్లు. ఇంకా దించి 100 మైక్రోఆంప్స్ చేస్తే 130 ఓమ్స్, సుమారు 2.2 డీబీ, 42 మిల్లీవాట్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పవర్ పదో వంతుకి తగ్గింది, నాయిస్ 1.9 డీబీ పెరిగింది. ఈ బేరం లాభమా, నష్టమా? డీబీల్లో చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. స్కానింగ్ చేసే డాక్టరుకి అర్థమయ్యే కొలతలోకి మార్చండి. మెత్తటి కణజాలంలో ధ్వని సెంటీమీటరుకి, మెగాహెర్ట్జ్‌కి సుమారు అర డీబీ చొప్పున తగ్గుతుంది. 5 మెగాహెర్ట్జ్ దగ్గర పోయి రావడానికి సెంటీమీటరు లోతుకి 5 డీబీ. అంటే 1.9 డీబీ ఖరీదు 4 మిల్లీమీటర్ల లోపే! థైరాయిడ్ చూసే ప్రోబ్‌లో ఆ 4 మిల్లీమీటర్లు ఎవరికీ పట్టవు. లావుపాటి మనిషి కాలేయాన్ని 15 సెంటీమీటర్ల లోతున చూడాలంటే మాత్రం పట్టొచ్చు. నన్నడిగితే మొదటి డిజైనుకి 300 దగ్గర ఆగడం మంచిది. అక్కడి నుంచి 1 మిల్లీఆంప్‌కి వెళ్ళినా లోతు ఒక మిల్లీమీటరు పైచిలుకే కలిసొస్తుంది, వేడి మాత్రం మూడింతలు దాటుతుంది.

ఆదా చేయడానికి ఇంకో దారి కూడా ఉంది: ప్రతిధ్వని రాని సమయంలో యాంప్లిఫయర్‌ను ఆపేయడం. ఒంట్లో ధ్వని వేగం సెకనుకి 1540 మీటర్లు, సెంటీమీటరు లోతుకి పోయి రావడానికి 13 మైక్రోసెకన్లు. 4 సెంటీమీటర్ల లోతు, ఫ్రేముకి 128 లైన్లు (లైనుకి ఒక పల్సు), సెకనుకి 30 ఫ్రేములు అనుకుంటే సెకనులో యాంప్లిఫయర్‌తో పని ఐదో వంతే. మిగతా సమయమంతా ఉత్తినే కాలుతోంది. అయితే మళ్ళీ మేల్కోవడానికి 13 మైక్రోసెకన్లు పట్టిందంటే మొదటి సెంటీమీటరు బొమ్మ పోయినట్టే. కాబట్టి ఎమిటర్ వైపు కరెంటును మాత్రమే కోయండి. బేస్ బయాస్‌ను, కప్లింగ్ కెపాసిటరు మీది చార్జిని కదపకండి. అక్కడ 10 నానోఫారడ్లు, 100 కిలోఓమ్స్ పెట్టి ఉంటే ఆ జంట టైమ్ కాన్‌స్టంట్ ఒక మిల్లీసెకను. ఒకసారి చార్జి పోతే లైన్లకు లైన్లు గడిచినా సర్దుకోదు.

ప్రాక్టీసు కోసం బెంగళూరులో ఉన్నవాళ్ళు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో పాత స్కానింగ్ మెషీను దొరుకుతుందేమోనని మాత్రం తిరగకండి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేనివాళ్ళకి దాన్ని అమ్మడం నేరం. పీణ్య పారిశ్రామికవాడలో వెల్డింగ్ పరీక్షలు చేసేవాళ్ళెవరైనా తెలిస్తే, లోహంలో పగుళ్ళు చూసే 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ ఒకటి అడిగి తెచ్చుకోండి. ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు ఎస్పీ రోడ్డులోనే తీసుకోవచ్చు.

పై లెక్కలో బేస్ రెసిస్టెన్స్‌ను, బేస్ కరెంటు నాయిస్‌ను కావాలనే వదిలేశాను. వచ్చే పాఠంలోపు ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌లో 200 ఓమ్స్ సోర్సుతో మూడు కరెంట్లకీ నాయిస్ రన్ చేసి, బేస్‌కి సిరీస్‌లో 100 ఓమ్స్ కలిపి మళ్ళీ చూడండి. 1 మిల్లీఆంప్ దగ్గర మనం మురిసిపోయిన 0.27 ఎక్కడికి పోతుందో రాసిపెట్టుకోండి. ఐదో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.