ఊబకాయం ఉన్నప్పుడు మోకాలి ఆర్థ్రైటిస్ నొప్పిని, లోపలి వాపును ఎలా తగ్గించుకోవాలి?

మోకాళ్ల నొప్పితో వచ్చిన మనిషి కాస్త లావుగా ఉంటే ‘బరువంతా మోకాళ్ల మీదే పడుతోంది, ముందు తగ్గండి’ అని చెప్పి పంపడం మామూలైపోయింది. ఆ మాట తప్పు కాదు గానీ, అందులో ఉన్నది సగం సంగతే. ఊబకాయం ఉన్నవారికి చేతివేళ్ల కీళ్లలో కూడా ఆస్టియోఆర్థ్రైటిస్ (కీళ్ల అరుగుదల జబ్బు) వచ్చే అవకాశం ఎక్కువ. ఒంటి బరువును వేళ్లు మోయవు కాబట్టి దీనికి బరువొక్కటే కారణమని చెప్పలేం. ఒంట్లో పేరుకున్న కొవ్వు ఊరికే నిలవ ఉండదు. వాపు ప్రక్రియను రగిలించే రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. మోకాలి లోపల ఉన్న కొవ్వు కూడా ఇదే పని చేస్తుంది. ఈ సంగతి తెలిస్తే ఏం చేయాలో, ఏది ముందు చేయాలో, దేనికి డబ్బు తగలెయ్యనక్కర్లేదో స్పష్టమవుతుంది.

ముందు ఆ కొవ్వు ఎక్కడుందో తెలుసుకోండి

కుర్చీ అంచున కూర్చుని ఒక కాలు నిటారుగా చాపండి. మోకాలి చిప్ప కింది అంచు నుంచి ముంగాలి ఎముక దాకా దిగే గట్టి పట్టీ వేలికి తగులుతుంది. అది టెండన్. దానికి రెండు పక్కలా కాస్త ఉబ్బెత్తుగా, నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా తగిలే చోటు ఉంటుంది. మోకాలు మడిస్తే ఆ ఉబ్బు తగ్గుతుంది, చాపితే మళ్లీ తేలుతుంది. అక్కడ చర్మం కింద, టెండన్ వెనకాల ఉన్నదే హాఫా కొవ్వు మెత్త. 1904లో దీని జబ్బును వివరించిన జర్మన్ సర్జన్ ఆల్బర్ట్ హాఫా పేరే దీనికి నిలిచింది. సన్నగా ఉన్నవారి మోకాలిలోనూ ఇది ఉంటుంది కాబట్టి, ఇది ఉండటమే జబ్బు కాదు.

ఈ మెత్త కీలు తొడుగు లోపలే, కీలుకు జిగురు ద్రవాన్ని అందించే సైనోవియల్ పొరను ఆనుకుని ఉంటుంది. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నని పొరైన మృదులాస్థిలో నరాలు గానీ రక్తనాళాలు గానీ ఉండవు; ఈ కొవ్వు మెత్తలో మాత్రం రెండూ దండిగా ఉంటాయి. అమెరికాకు చెందిన ఆర్థోపెడిక్ సర్జన్ స్కాట్ డై, కీలు లోపల మత్తు లేకుండానే తన సొంత మోకాళ్లలోకి ఆర్థ్రోస్కోప్ (కీలు లోపల చూసే సన్నని కెమెరా గొట్టం) పంపించుకుని, ఏ భాగాన్ని తాకితే ఎంత నొప్పి పుడుతుందో నమోదు చేయించారు. 1998లో అచ్చయిన ఆ నివేదిక ప్రకారం చిప్ప వెనక మృదులాస్థిని గట్టిగా నొక్కినా ఆయనకు నొప్పి తెలియలేదు. కొవ్వు మెత్తను, ముందువైపు సైనోవియల్ పొరను తాకినప్పుడు మాత్రం తట్టుకోలేనంత నొప్పి కలిగింది. అంటే నొప్పి మృదులాస్థి నుంచి కాక, దాని చుట్టూ ఉన్న కణజాలం నుంచి, కింది ఎముక నుంచి పుడుతుంది. ఎక్స్‌రేలో ‘బాగా అరిగింది’ అని కనిపించిన మనిషి హాయిగా నడుస్తుండటానికి, కొద్దిపాటి అరుగుదల ఉన్న మనిషి మెట్లు దిగలేకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. వాపు బారిన పడిన మెత్తలోకి మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు చేరతాయి. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా, లెప్టిన్ వంటి వాపు రసాయనాలు అక్కడ నుంచి కీలు ద్రవంలోకి ఊరి, మృదులాస్థిని కరిగించే ఎంజైములను రెచ్చగొడతాయి. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు నుంచి ఇవే రసాయనాలు రక్తం ద్వారా కూడా వచ్చి చేరతాయి. పై నుంచి పడే బరువు ఎటూ ఉండనే ఉంది.

1. ఇది నిజంగా ఆస్టియోఆర్థ్రైటిసేనా అని నిర్ధారించుకోండి

వయసు 45 దాటి, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు నొప్పి పెరిగి, పొద్దున్న లేవగానే ఉండే బిగుతు అరగంటలోపే సడలిపోతుంటే ఇది చాలావరకు ఆస్టియోఆర్థ్రైటిసే అవుతుంది. దీనికి ఎంఆర్ఐ తీయించాల్సిన పని సాధారణంగా ఉండదు. పొద్దుటి బిగుతు అంతకంటే చాలాసేపు ఉన్నా, చేతుల కీళ్లు కూడా వాచినా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) ఉందేమో చూడాలి. ఒక్కసారిగా మోకాలు ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టడం ఒక్కరోజు కూడా ఆగగల వ్యవహారం కాదు.

2. తూకం ఒక్కటే కాదు, నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి

మన దేశంలో బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. పాశ్చాత్య దేశాల లెక్కలో ఈ గీతలు 25, 30. మనవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీరం ఎక్కువ కనుక నడుము కొలత ఇంకా బాగా పట్టిస్తుంది. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట బిగబట్టకుండా చూడండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టే. అదే వారంలో షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. ఇవి మోకాలి నొప్పితో కలిసి వస్తుంటాయి. బరువు తగ్గితే అన్నిటికీ మేలు జరుగుతుంది.

3. అందుకోగలిగిన లక్ష్యం పెట్టుకోండి

ఒక కిలో బరువు తగ్గితే నడకలో వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో చూపించారు. అదే బృందం 454 మందిపై 18 నెలలు నడిపి 2013లో ప్రచురించిన ‘ఐడియా’ అధ్యయనంలో, ఆహార నియమాన్నీ వ్యాయామాన్నీ కలిపి పాటించినవారు సగటున 11 శాతం బరువు తగ్గారు, వారి నొప్పి దాదాపు సగానికి దిగింది. వ్యాయామం మాత్రమే చేసినవారితో పోలిస్తే, ఆహారం మార్చుకున్న రెండు బృందాలవారి రక్తంలోనూ ఇంటర్‌ల్యూకిన్-6 తక్కువగా కనిపించింది. నా దృష్టిలో ఈ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైన విషయం ఇదే: తిండి మారితే భారంతో పాటు వాపు కూడా తగ్గుతుంది.

80 కిలోలు ఉన్న మనిషి మొదట 4 కిలోలు, ఆ తరువాత మరో 4 కిలోలు తగ్గాలని అనుకోవచ్చు. నెలకు రెండు కిలోలకు మించి తొందర వద్దు.

4. తిండిని వంటింట్లోనే మార్చండి

ముందుగా నూనె లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయిపోతుంటే తలకు రోజుకు సుమారు 38 గ్రాములు పడుతున్నట్టు. గ్రాముకు 9 కిలోక్యాలరీల చొప్పున అది 340 కిలోక్యాలరీలు. అదే 3 లీటర్లకు తగ్గిస్తే ఒక్కొక్కరికీ రోజుకు 135 కిలోక్యాలరీల దాకా మిగులుతాయి, పళ్లెంలో ఒక్క ముద్ద కూడా తగ్గించకుండానే. నూనెను సీసా నుంచి నేరుగా మూకుడులోకి వంపకుండా చెంచాతో కొలిచి వేయడం, పొద్దున్నే ఆ రోజు వంటకు సరిపడా నూనె చిన్న గిన్నెలోకి తీసిపెట్టుకుని అందులోంచే వాడటం చిన్న పనులే గానీ బాగా పనిచేస్తాయి. వేపుడు చేసే రోజున ముక్కలను ముందు ఆవిరి మీద ఉడికించి ఆపైన పోపు పెడితే సగం నూనెతోనే పని అవుతుంది.

తరువాతి సంగతి అన్నం. మానెయ్యమని ఎవరైనా అంటే నమ్మకండి. మానినవాళ్లలో చాలామంది ఎక్కువకాలం నిలబడలేక మళ్లీ మొదలుపెడతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు పళ్లెంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు వంటివే ఉండాలని, రోజువారీ శక్తిలో తిండిగింజల వాటా 45 శాతం మించరాదని చెబుతున్నాయి. మన భోజనంలో దీన్ని ఇలా పాటించవచ్చు: కూరను నంజుకునేంత కాకుండా అన్నంతో సమానంగా వడ్డించుకోండి, అన్నం కంటే ముందే కొంత కూర తినండి, మారు అన్నానికి బదులు మారు పప్పు వేసుకోండి. రాత్రిపూట జొన్నరొట్టెకు మారడం మంచిదే, కానీ నాలుగు రొట్టెలు తింటే తేడా ఏమీ రాదు.

ప్రోటీన్ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఉపవాసాలతోనో, జావ తాగుతూనో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. తొడ కండ బలహీనపడిన మోకాలు ఇంకా ఎక్కువ నొప్పి పెడుతుంది. కాబట్టి పెసరట్టు, ఉడికించిన శనగలు, పప్పు, పెరుగు, తినేవారైతే గుడ్డు, చేప, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండేలా చూసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తినాలో డాక్టరును అడగాలి. పసుపు వంటలో వేసుకోవడానికి అభ్యంతరం ఏమీ లేదు. పసుపు సారం మాత్రలు మాత్రం, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారు, అడగకుండా మింగకూడదు.

5. తొడ కండను బలపరచండి

మృదులాస్థికి రక్తనాళాలు లేవు కనుక, కీలు కదిలి ఒత్తిడి పడి తీసినప్పుడే జిగురు ద్రవం ద్వారా దానికి పోషణ అందుతుంది. అందువల్ల మోకాలిని కదపకుండా కూర్చోవడం మంచి చేయదు.

మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నలిపేస్తున్నట్టు కిందికి నొక్కుతూ అయిదు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు చేయండి. ఇది అలవాటయ్యాక, వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోదాన్ని వంచకుండా జానెడు ఎత్తు లేపి ఆపి దించండి. మూడోది అన్నిటికన్నా పనికొచ్చేది: ఎత్తయిన కుర్చీలో కూర్చుని, చేతుల ఆసరా లేకుండా లేచి, మెల్లగా కూర్చోవడం. దబ్బున కూలబడకండి, మెల్లగా దిగేటప్పుడే కండకు అసలు పని పడుతుంది. మొదట్లో చేతుల ఆసరా తీసుకున్నా తప్పు లేదు. వీటితో పాటు చదునైన నేల మీద నడక, సైకిలు, వీలుంటే నీళ్లలో నడక.

చేసేటప్పుడు ఓర్చుకోగల నొప్పి ఉంటే భయపడనక్కర్లేదు. మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగిపోతే మోతాదు సరిపోయినట్టు. దిగకపోతే, వాపు పెరిగితే ఆపేయకుండా సగానికి తగ్గించండి.

6. ఇంట్లో కొన్ని సర్దుబాట్లు

నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం నొప్పి ఉన్నన్నాళ్లు తగ్గించి, ఎత్తు పీట, కమోడ్ వాడండి. కర్రను నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయండి.

7. మందుల సంగతి డాక్టరుతో తేల్చుకోండి

మొదట ప్రయత్నించదగ్గది మోకాలికి పైన రాసే డైక్లోఫినాక్ వంటి జెల్. మాత్రలు మింగితే కడుపులో పుండు, బీపీ పెరగడం, కిడ్నీ దెబ్బతినడం వంటి ముప్పులు ఉన్నాయి కాబట్టి సొంతంగా మందుల షాపులో కొని నెలల తరబడి వాడకండి. కీలులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఊరటనిస్తుంది. అయితే రెండేళ్లపాటు 12 వారాలకొకసారి ఇచ్చి చూసిన, 2017లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే నొప్పి ఎక్కువ తగ్గలేదు సరికదా మృదులాస్థి మరింత పలచబడింది. పేరూ వివరాలూ లేని పొట్లాల పొడులు ఎంత అద్భుతంగా పనిచేసినా వద్దు. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి. స్టెరాయిడ్ ఒంటి బరువును, షుగర్‌ను పెంచుతుంది, అంటే మనం దేనితో పోరాడుతున్నామో దాన్నే పెంచుతుంది.

ఆకలి తగ్గించి బరువు దించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. ఊబకాయం, మోకాలి ఆర్థ్రైటిస్ రెండూ ఉన్న 407 మందిపై 68 వారాలు జరిపి 2024లో ప్రచురించిన పరీక్షలో ఈ మందు తీసుకున్నవారు 13.7 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 3.2 శాతం బరువు తగ్గారు. నొప్పి కూడా మందు తీసుకున్నవారికే ఎక్కువ తగ్గింది. ఇది డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. ఖర్చు ఉంటుంది, వికారం, వాంతులు కలగవచ్చు, ఆపేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. ఆకలి తగ్గి తిండి తగ్గినప్పుడు కండ కూడా తగ్గుతుంది కాబట్టి, ఈ మందు వాడేవారు ప్రోటీన్‌నూ కుర్చీ వ్యాయామాన్నీ మరింత శ్రద్ధగా పట్టుకోవాలి.

ఇవన్నీ కొన్ని నెలలు నిజాయితీగా చేసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, నాలుగడుగులు వేయలేని స్థితి ఉంటే కీలు మార్పిడి గురించి సర్జన్‌తో మాట్లాడండి. బరువు ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్‌కు మీరు అనర్హులు కారు. అయితే మత్తు వల్ల, పుండు మానడంలో వచ్చే ఇబ్బందులు ఊబకాయంలో ఎక్కువ గనుక, తేదీ ఖాయమయ్యే లోపు తగ్గించుకున్న కిలోలూ గట్టిపరచుకున్న తొడ కండా ఆపరేషన్ తరువాతి మొదటి వారాల నడకలో అక్కరకొస్తాయి.